తరగతికి తాళం, మైదానానికి పచ్చజెండా

ఇది 2020 సెప్టెంబరు నాటి మాట. కరోనా వేళ ఆటగాళ్ల ఆరోగ్యమే ముఖ్యమని ఆగస్టులో చెప్పినవారే ఇప్పుడు అక్టోబరు 23 వారాంతం నుంచి ఆట మొదలంటున్నారు. అమెరికాలో అప్పటికి 14 యూనివర్సిటీలున్న క్రీడా కూటమి బిగ్‌ టెన్‌ సెప్టెంబరు 16, బుధవారం అమెరికన్‌ ఫుట్‌బాల్‌ సీజన్‌కు పచ్చజెండా ఊపింది. ఎనిమిది వారాల్లో ఎనిమిది మ్యాచ్‌లు, డిసెంబరు 19న ముగింపు పోటీలు. మధ్యలో ఒక్క వారమూ ఖాళీ లేదు. ఏదైనా జట్టులో వైరస్‌ పాకి మ్యాచ్‌ ఆగిపోతే మళ్లీ ఆడించడానికి చోటే లేదు.

ఆగస్టు 11న సీజన్‌ వాయిదాకు 11 యూనివర్సిటీలు సరేనన్నాయి, మూడు వద్దన్నాయి. కూటమిలోని నెబ్రాస్కా యూనివర్సిటీ ఆటగాళ్లు కోర్టుకెక్కితే గానీ ఆ లెక్క కూడా బయటికి రాలేదు. ఈ నిర్ణయాన్ని మళ్లీ పరిశీలించేది లేదని కూటమి అప్పటి కమిషనర్‌ కెవిన్‌ వారెన్‌ ఆగస్టు 19న బహిరంగ లేఖ రాశారు. సరిగ్గా నాలుగు వారాలకు అదే కూటమి ఏకగ్రీవంగా మాట మార్చింది. ఈలోపు అధ్యక్షుడు ట్రంప్‌ ఆట మొదలుపెట్టే విషయమై వారెన్‌కు ఫోన్‌ చేశారు. పక్క లీగ్‌లు మ్యాచ్‌లు మొదలుపెట్టేశాయి. టీవీ డబ్బు చేజారుతుందన్న టెన్షన్‌ పెరిగింది. అమెరికాలో కరోనా మృతులు మాత్రం రెండు లక్షలకు చేరువయ్యారు.

రోజూ చేయగల ర్యాపిడ్‌ టెస్టులు వచ్చాయి కాబట్టే మనసు మార్చుకున్నామని కూటమి అంటోంది. ఆటగాళ్లూ ఆడతామనే అంటున్నారు, ఒహాయో స్టేట్‌ యూనివర్సిటీ జట్టు దాడిని నడిపే ఆటగాడు (క్వార్టర్‌బ్యాక్‌) జస్టిన్‌ ఫీల్డ్స్‌ పెట్టిన పిటిషన్‌పై మూడు లక్షల మంది సంతకాలు చేశారు. కాదనం.

కానీ ఆ రోజువారీ టెస్టులు ఎవరికి? కూటమిలోనిదే అయిన విస్కాన్సిన్‌ యూనివర్సిటీ వారం కిందటే తరగతులన్నీ రెండు వారాలు ఆన్‌లైన్‌కు మార్చి, రెండు హాస్టళ్లను క్వారంటైన్‌లో పెట్టింది. మిషిగన్‌ స్టేట్‌ ఆగస్టులోనే డిగ్రీ పిల్లలను క్యాంపస్‌కు రావద్దంది. యూనివర్సిటీ ఆఫ్‌ మిషిగన్‌లో పాఠాలు చెప్పే పీజీ విద్యార్థులు తమకు టెస్టులు పెంచమని సమ్మె చేస్తే, యాజమాన్యం వాళ్ల మీద కోర్టుకెళ్లింది. అడిగినవాళ్లకు కోర్టు నోటీసు, బంతి పట్టినవాళ్లకు రోజూ టెస్టు. క్యాంపస్‌ ఒకటే, వైరస్‌ ఒకటే.

పోనీ ఆటగాళ్లకైనా భద్రత ఉందా? కరోనా వచ్చి తగ్గిన 26 మంది క్రీడాకారులను ఒహాయో స్టేట్‌ డాక్టర్లే పరీక్షించారు. నలుగురిలో గుండె కండరానికి వాపు లక్షణాలు కనిపించాయి. వీరిలో ఎవరికీ ఆస్పత్రిలో చేరేంత జబ్బు చేయలేదు. ఈ అధ్యయనం సెప్టెంబరు 11న అచ్చయితే, అయిదు రోజులకే సీజన్‌ ఖాయమైంది. పాజిటివ్‌ వచ్చినవాడు 21 రోజులు మ్యాచ్‌ ఆడకూడదని, గుండెకు ఎంఆర్‌ఐ తీయాలని కూటమే రూల్‌ పెట్టింది. అంటే ప్రమాదం ఎంతో దానికి బాగా తెలుసు.

ఈ కుర్రాళ్లు జీతం అడిగితే యూనివర్సిటీల జవాబు ఏళ్లుగా ఒక్కటే: మీరు ఉద్యోగులు కాదు, విద్యార్థులు. మరి తోటి విద్యార్థులకు పనికిరాని క్యాంపస్‌ వీరికి ఎలా పనికొచ్చింది? ఈ ద్వంద్వ నీతే మాకు మింగుడు పడటం లేదు.

ఇది మన ఇళ్లకూ సంబంధించిన సంగతి. పర్డ్యూ, ఇల్లినాయ్‌, ఒహాయో స్టేట్‌లలో తెలుగు పిల్లలున్నారు. బ్యాంకు లోన్లతో ఫీజు కట్టి, గదిలో ల్యాప్‌టాప్‌ ముందు పాఠాలు వింటున్నారు. పాఠాలన్నీ ఆన్‌లైన్‌లోనే అయితే విదేశీ విద్యార్థులు దేశం వదిలి వెళ్లాలని జులై 6న ట్రంప్‌ ప్రభుత్వం ఆదేశిస్తే హార్వర్డ్‌, ఎంఐటీ కోర్టుకెళ్లాయి, ఎన్నో యూనివర్సిటీలు వాటి వెంట నిలిచాయి. తరగతి గదికి రమ్మని బలవంతపెట్టడం ప్రాణాలతో ఆడుకోవడమని వాదించాయి. జులై 14న ఆ ఆదేశం వెనక్కి పోయింది. జులైలో కోర్టుకు చెప్పిన ఆ మాట అక్టోబరులో మైదానానికి వర్తించదా? హార్వర్డ్‌ వంటి ఎనిమిది యూనివర్సిటీల కూటమి ఐవీ లీగ్‌ జులై 8న ఆటలు ఆపింది, ఆ మాట మీదే నిలబడింది. దానికి లేని తొందర బిగ్‌ టెన్‌కు ఎందుకు?

బిగ్‌ టెన్‌ యూనివర్సిటీల ప్రెసిడెంట్లకు సూటిగా చెబుతున్నాం. ఆగస్టులో డాక్టర్లు మీకిచ్చిన సలహానూ, సెప్టెంబరులో ఇచ్చిన సలహానూ పక్కపక్కనే పెట్టి ప్రజలకు చూపించండి. మీలో ఒక్కటి తప్ప అన్నీ ప్రభుత్వ యూనివర్సిటీలే, దాచే హక్కు మీకు లేదు. హాస్టల్లో వండేవాళ్లకు, గదులు ఊడ్చేవాళ్లకు రోజూ టెస్టు ఎప్పటి నుంచో చెప్పండి. మ్యాచ్‌ తేదీ ప్రకటించారు కదా, ఆ తేదీ కూడా ప్రకటించండి.