ఓపెనింగ్ వీడియో ఎవరు తీయాలి?

ఆన్‌లైన్ లైవ్‌లో చూసి కొన్న చీర పార్శిల్ వచ్చింది. విప్పేటప్పుడు వీడియో తీయకపోతే అమ్మినవాళ్లు ఫిర్యాదు వినరు. మా వదిన కత్తెర పట్టుకుంది, నేను ఫోన్ పట్టుకున్నాను. కొరియర్ కవరు మీద అడ్రస్ కనపడాలి, నాలుగు వైపులా తిప్పి టేపు ఎక్కడా ఊడలేదని చూపించాలి, ఆ తర్వాతే కత్తెర పెట్టాలి. మధ్యలో ఆపకూడదు. చీర మడత సగం విప్పామో లేదో గ్యాస్ సిలిండర్ కుర్రాడి ఫోన్ వచ్చి రికార్డింగ్ ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేసి కొంగు విప్పితే జానెడు మేర పోగులు లాగేసి ఉన్నాయి. వీడియో రెండు ముక్కలూ, ఫొటోలూ పంపాం. "వీడియో కట్ అయింది సిస్, మేం ఏం చేయలేం" అని అమ్మినావిడ జవాబు. రెండోసారి అడిగితే బ్లాక్. పోయింది రూ.1,850.

లైవ్‌లో చీరలు కొనే ఇళ్లలో ఈ కథ చెబితే ఎవరూ ఆశ్చర్యపోరు. "నో రిటర్న్, నో ఎక్స్ఛేంజ్, ఓపెనింగ్ వీడియో కంపల్సరీ" అన్న మాటలకు అలవాటుపడిపోయాం. నాకైతే ఇది తలకిందుల వ్యవహారంలా కనిపిస్తుంది. డబ్బు ముందే కట్టేసింది కొన్నావిడ. చీర చేతిలో పెట్టుకుని, లైట్లు వేసుకుని, ట్రైపాడ్ బిగించుకుని కూర్చున్నది అమ్మినావిడ. రుజువు చేసుకోవాల్సిన భారం మాత్రం కొన్నావిడ మీద!

పైగా ఇది మామూలు అమ్మకం కాదు, ఒక రకం వేలం. వాడిన బట్టలమ్మే కొన్ని ఇన్‌స్టాగ్రామ్ పేజీల్లో కామెంట్లలోనే పాట నడుస్తుంది. చీరల లైవ్‌లలో పాట ఉండదు గానీ తొందర అదే. "సింగిల్ పీస్ అక్కా, ముందు పేమెంట్ స్క్రీన్‌షాట్ పెట్టినవాళ్లదే" అనగానే చేతులు వాటంతటవే ఫోన్‌పే తెరుస్తాయి. పాటలో మనిషి ఆలోచించడు. ఆ సంగతి మన పెద్దలకు బాగా తెలుసు. అందుకే మామిడి తోట పాటకు వెళ్లేవాడు ముందురోజే తోటంతా తిరిగి పిందె చూసి వస్తాడు. బాలాపూర్ గణేశుడి లడ్డూ పాట 1994లో రూ.450 దగ్గర మొదలై 2024లో రూ.30 లక్షలు దాటింది. అక్కడ కూడా లడ్డూ అందరి కళ్లముందే ఉంటుంది. ఆన్‌లైన్ వేలంలో ఆ చూసుకోవడం ఉండదు. వస్తువు స్థానంలో ఉండేది దాని గురించి చెప్పిన మాట. డబ్బు కట్టేది ఆ మాటకే.

ఆన్‌లైన్ వేలాలకు తాత లాంటిది ఈబే. 1995లో అది మొదలైనప్పుడు అమ్ముడైన మొదటి వస్తువుగా వాళ్లు చెప్పుకునేది పాడైపోయిన ఒక లేజర్ పాయింటర్. 14.83 డాలర్లకు పోయింది. అది పనిచేయదని తెలుసా అని ఈబే పెట్టిన పియర్ ఒమిడ్యార్ అడిగితే, పాడైనవే సేకరిస్తుంటానని కొన్నవాడు చెప్పాడట. ఇన్నేళ్లుగా చెబుతున్న కథ కాబట్టి కొంత మెరుగు పెట్టి ఉండొచ్చు, నాకు కావాల్సిన ముక్క మాత్రం అందులో ఉంది. పాడైన వస్తువే అమ్మారు, అయినా గొడవ రాలేదు. పాడైందని ముందే చెప్పారు కాబట్టి.

ఆ తర్వాత వాళ్లకీ తలనొప్పులు తప్పలేదు. 1996లో కొన్నవాళ్లూ అమ్మినవాళ్లూ ఒకరికొకరు మార్కులేసుకునే పద్ధతి పెట్టారు. కొన్నవాడు చెడ్డ మార్కు వేస్తే అమ్మినవాడు తిరిగి చెడ్డ మార్కు వేయడం మొదలైంది. ఆ భయంతో చాలామంది నోరు మూసుకునేవాళ్లు. చివరికి 2008లో, అమ్మేవాళ్లు కొన్నవాళ్లకు చెడ్డ మార్కు వేసే వీలే తీసేశారు. ఇప్పుడు అక్కడ తగాదా వస్తే అసలు ప్రశ్న ఒక్కటే: వస్తువు వర్ణనలో రాసినట్టు ఉందా, లేదా? లేకపోతే, "రిటర్న్ లేదు" అని రాసుకున్నా సరే, వెనక్కి తీసుకోవాల్సిందే, పంపే ఖర్చూ అమ్మినవాడిదే.

మన చట్టం కూడా ఇందులో వెనకబడి ఏమీ లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోనంటే అది అనుచిత వ్యాపార పద్ధతే. ఆన్‌లైన్ కొనుగోలుకూ ఇదే వర్తిస్తుంది. కొన్నావిడ తన జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు, రూ.5 లక్షల దాకా ఫీజు లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ కూడా చేయొచ్చు. అయితే రూ.1,850 కోసం ఎవరు వెళ్తారు? వెళ్దామన్నా బిల్లేది? అమ్మినావిడ పేరే చాలాసార్లు ఒక ఛానెల్ పేరు, ఒక ఫోన్ నంబరు.

అమ్మేవాళ్ల బాధ నాకు తెలియంది కాదు. చాలామంది ఇంటి ముందు గదిలో కూర్చుని, చీరకు వంద రూపాయలు మిగిలితే చాలనుకునేవాళ్లు. పెళ్లికి కట్టుకుని, పసుపు మరకతో సహా వెనక్కి పంపే మహాతల్లులు ఉన్నారు. కొత్తది ఉంచుకుని బీరువాలోని పాతది మడతపెట్టి పంపేవాళ్లూ ఉన్నారు. ఓపెనింగ్ వీడియో పుట్టింది వాళ్ల వల్లే.

సరే, మరి మందు కూడా వీడియోనే అయితే అది ప్యాకింగ్ దగ్గర ఎందుకు ఉండకూడదు? చీర కోడ్ ఉన్న చీటీ పక్కన పెట్టి, కొంగు, అంచు, బ్లౌజ్ పీస్ విప్పి చూపించి, కవరులో పెట్టి టేపు వేసేదాకా ఒక్క నిమిషం. ఆ వీడియో వాట్సాప్‌లో పంపేస్తే, మార్చి పంపే ఆవిడ ఆట అక్కడే కట్టు. నిజాయితీగా అమ్మేవాళ్లకు ఇంతకన్నా గట్టి కవచం లేదు. రోజుకు వంద పార్శిళ్లు కట్టే చోట వంద నిమిషాలు పోతాయని అంటారా? లైవ్‌లో మూడు గంటలు మాట్లాడటానికి టైమ్ ఉన్నవాళ్లకు అది పెద్ద లెక్క కాదు. దాంతోపాటు డబ్బు కట్టకముందే రెండు లైన్ల మెసేజ్ రావాలి: పట్టా, నూలా, పాలిస్టరా; మగ్గమా, పవర్‌లూమా; ఎన్ని మీటర్లు; ఏమైనా మచ్చ ఉందా.

ఈ రెండు లైన్లే ఎవరూ రాయరు. నాకు అసలు కోపం ఇక్కడే. రాయకపోవడానికి కారణం బద్ధకం కాదు. నోటితో "ప్యూర్" అన్న మాటను కాగితం మీద పెట్టే ధైర్యం లేక. లైవ్‌లో అన్నీ ప్యూరే. ప్యూర్ అంటే ఏమిటని అడిగితే "ప్యూర్ క్వాలిటీ అక్కా" అంటారు. "పోచంపల్లి" అన్న పేరుదీ ఇదే గతి. ఆ పేరుకు భౌగోళిక గుర్తింపు ఉంది, అంటే ఆ ప్రాంతపు నేతకే ఆ పేరు చెల్లుతుంది. అయినా ఇక్కత్ డిజైన్ ప్రింట్ కొట్టిన పాలిస్టర్ చీర లైవ్‌లో "పోచంపల్లి" అయిపోతుంది. అసలు ఇక్కత్‌లో నేతకు ముందే పోగులకు ముడులు కట్టి రంగు వేస్తారు. అందుకే పువ్వు అంచులు కాస్త చెదిరినట్టు ఉంటాయి, చీర రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. అంతకుముందు ఆసు పోయాలి, అంటే పోగును మేకుల చుట్టూ తిప్పాలి. ఒక్క చీరకు చేయి కొన్ని వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆ పనికి యంత్రం చేశాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది.

"పోచంపల్లి" రూ.1,499కి దొరుకుతుందని నమ్మిన ఆవిడకు చేనేత సొసైటీ షాపులో అసలు ధర చెబితే, మోసం చేస్తున్నది సొసైటీ వాళ్లే అనుకుంటుంది. మొదటి ఉతుకులో రంగు పోతే "పోచంపల్లి అంతే, నిలవదు" అంటుంది. కొన్నావిడకూ అమ్మినావిడకూ రాజీ కుదిరి డబ్బు తిరిగొచ్చినా, ఆ మాట భూదాన్ పోచంపల్లిలో మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నవాడి నెత్తిమీదే ఉంటుంది. వాళ్లిద్దరి తగాదాలో అతను పార్టీ కూడా కాదు.

మా వదిన మొన్న మళ్లీ లైవ్ చూస్తోంది. మానేయమంటే మానదు, అది వేరే సంగతి. నెమలిపింఛం రంగు ఇక్కత్ ఒకటి చూపిస్తున్నారు. "మేడమ్, ఒకసారి వెనక్కి తిప్పి చూపించండి" అని కామెంట్ పెట్టింది. లైవ్‌లో ఆవిడ స్క్రీన్ వైపు వంగి కామెంట్లు చదివింది, మా వదిన పేరు కూడా పలికి "హాయ్ సిస్, భోజనం అయిందా" అంది. చీర మడత పెట్టేసి, నెక్స్ట్ కోడ్ చెప్పింది.