ఇంట్లో సామానుకు బీమా: ధర అడిగే ముందు ఏం చూడాలి?

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరుకు గండ్లు పడి విజయవాడలోని సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, వాంబే కాలనీ లాంటి ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నీళ్లు తీశాక ప్రభుత్వం సాయం ప్రకటించింది. గ్రౌండ్ ఫ్లోర్‌లో మునిగిన ఇంటికి 25 వేలు, పై అంతస్తుల వాళ్లకు 10 వేలు. అంతకు నాలుగేళ్ల ముందు, 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాద్‌లో ఇంటికి ఇచ్చింది 10 వేలే. ఆ పూటకు ఆ డబ్బు చాలా అవసరం, కాదనలేం. కానీ నీళ్లలో నానిన ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, పరుపులు, ఉబ్బిపోయిన ప్లైవుడ్ మంచం, టీవీ, మిక్సీ, కుట్టు మిషన్, పిల్లల పుస్తకాలు అన్నీ మళ్లీ కొనుక్కోవాలంటే లక్ష చాలదు. 25 వేలతో ఫ్రిజ్ కొంటే వాషింగ్ మెషిన్‌కు అప్పు చేయాల్సిందే.

ఈ లోటును పూడ్చగలిగేది సామానుకు చేసే బీమా. మన ఇళ్లలో బైకుకు బీమా ఉంటుంది, ఆరోగ్యానికి కొంతమందికైనా ఉంటుంది, ప్రాణానికి ఎల్‌ఐసీ ఉంటుంది. ఇంట్లో వస్తువులకు మాత్రం ఉండదు. ఖరీదు ఎక్కువ కావడం వల్ల కాదిది. అగ్నిప్రమాదం, వరద, తుపాను, భూకంపం లాంటివాటి వరకే తీసుకుంటే 5 లక్షల సామానుకు ఏడాది ప్రీమియం చాలాసార్లు కొన్ని వందల రూపాయల్లోనే తేలుతుంది. ప్రీమియం ఇంత తక్కువ కాబట్టే ఏజెంటుకు వచ్చే కమీషనూ తక్కువ. ఇంటికి వచ్చి కూర్చుని వివరించే ఓపిక ఎవరికీ ఉండదు. కాబట్టి దీన్ని మనమే వెతుక్కోవాలి.

వెతకడానికి మంచి ఆధారం ఒకటి ఉంది. 2021 ఏప్రిల్ 1 నుంచి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 'భారత్ గృహ రక్ష' అనే ప్రామాణిక పాలసీని తెచ్చింది. ఇళ్లకు అగ్నిప్రమాద బీమా అమ్మే కంపెనీలన్నీ దీన్ని అమ్మాలని అప్పుడు చెప్పింది. న్యూ ఇండియా దగ్గర కొన్నా, యునైటెడ్ ఇండియా దగ్గర కొన్నా, ప్రైవేటు కంపెనీ దగ్గర కొన్నా మూల పాలసీలోని షరతులు ఒకటే, ధర మాత్రం కంపెనీని బట్టి మారుతుంది. ఆరోగ్య బీమాలో రెండు పాలసీలు పోల్చాలంటే గది అద్దె పరిమితి దగ్గర్నుంచి వెయిటింగ్ పీరియడ్ దాకా అన్నీ తేడాలే కాబట్టి తల తిరుగుతుంది. ఇక్కడ ఆ టెన్షన్ లేదు. షరతులు ఒకటే అయినప్పుడు తక్కువ ధర చెప్పిన కంపెనీని ఎంచుకోవడంలో తప్పేమీ లేదు. మూడు నాలుగు కంపెనీల కొటేషన్లు తీసుకోండి. ఒకటి ప్రభుత్వ రంగ కంపెనీది, ఒకటి నేరుగా కంపెనీ వెబ్‌సైట్ నుంచి, ఒకటి పాలసీలు పోల్చి చూపే సైట్ నుంచి తీసుకుంటే చాలు. 18 శాతం జీఎస్టీ కలిపి చెప్పారో లేదో మాత్రం చూసుకోండి. 2025 సెప్టెంబరులో పన్ను తీసేసింది వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాల మీదే. ఇంటి బీమా మీద తీయలేదు.

అయితే చాలామంది ఈ పాలసీ దగ్గరే పొరబడుతున్నారు. ఇంటి బీమా అనగానే మనకు ముందు గుర్తొచ్చేది దొంగతనం. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేసరికి తాళం పగలగొట్టారన్న వార్తలు ఏటా చదువుతూనే ఉంటాం. కానీ గృహ రక్ష మూల పాలసీలో మామూలు దొంగతనానికి చోటు లేదు. వరదో, అగ్నిప్రమాదమో, అల్లర్లో జరిగి, దాని కారణంగా 7 రోజుల్లోపు ఇంట్లో వస్తువులు పోతే మాత్రమే చెల్లిస్తారు. పండక్కి వెళ్లినప్పుడు బీరువా పగలగొట్టి టీవీ, వెండి పట్టుకుపోతే ఈ పాలసీ కింద ఒక్క రూపాయి రాదు. కొన్న వాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. అమ్మే చోట కూడా పెద్ద అక్షరాల్లో కనిపించేది ప్రీమియం అంకే. 'దొంగతనం వర్తించదు' అన్న ముక్క కూడా అంతే పెద్ద అక్షరాల్లో, అదే పేజీలో ఉండాలని ఐఆర్‌డీఏఐ ఆదేశించాలి. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. మన ప్రజాప్రతినిధులు అడగడానికి ఢిల్లీ వెళ్లనక్కర్లేదు.

దొంగతనానికి రక్షణ కావాలంటే విడిగా బర్గ్లరీ కవర్ తీసుకోవాలి, లేదా కంపెనీలు సొంతంగా అమ్మే, ఇంటికి కావాల్సిన పలు కవర్లు కలిపిన హౌస్‌హోల్డర్ ప్యాకేజీ కొనాలి. ఇక్కడ కంపెనీకో తీరు, షరతులు ఒక్కలా ఉండవు. కాబట్టి ధర ఒక్కటే చూసి కొంటే మోసపోతాం. బర్గ్లరీ అంటే సాధారణంగా తాళమో, తలుపో, కిటికీ ఊచలో పగలగొట్టి లోపలికి చొరబడినట్టు ఆనవాలు ఉండాలి. తెరిచి ఉన్న తలుపులోంచి వచ్చి ల్యాప్‌టాప్ ఎత్తుకుపోతే దానికి వేరే క్లాజ్ కావాలి. పనివాళ్లు తీశారంటే మరో క్లాజ్. ఇల్లు ఎన్ని రోజులు వరసగా తాళం వేసి ఉంటే కవర్ ఆగిపోతుందన్నది కూడా అడగాలి. అమెరికాలో కొడుకు దగ్గరికి ఆరు నెలలు వెళ్లే తల్లిదండ్రులకు ఇది అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. వెళ్లే ముందు కంపెనీకి రాసి ఇచ్చి, జవాబు కూడా రాతపూర్వకంగా తీసుకోవాలి.

బర్గ్లరీ ప్రీమియం తగ్గించుకునే దారి ఒకటుంది. ఇంట్లో 8 లక్షల సామానున్నా దొంగ మంచాలు, బీరువాలు మోసుకెళ్లలేడు కదా. మొత్తం విలువ నిజంగా చెప్పి, అందులో కొంత భాగానికే, ఉదాహరణకు పావు వంతుకు, చెల్లింపు పరిమితి పెట్టుకునే పద్ధతి ఉంది. దీన్ని ఫస్ట్ లాస్ అంటారు. ఏజెంటు తనంతట తాను చెప్పకపోవచ్చు, అడగండి.

ఇక ఎంతకు చేయించాలి? సొంత ఇల్లున్న వాళ్లు చేసే పెద్ద తప్పు, ఫ్లాట్ మార్కెట్ ధరకు బీమా చేయించడం. కూకట్‌పల్లిలో 70 లక్షలు పలికే ఫ్లాట్ ధరలో సగానికి పైగా స్థలం విలువే కావచ్చు. వరద వచ్చినా భూమి ఎక్కడికీ పోదు. కట్టడానికి అయ్యే ఖర్చుకే బీమా ఉండాలి. కార్పెట్ ఏరియా (గోడల లోపలి నేల) వెయ్యి చదరపు అడుగులు, అడుగుకు నిర్మాణ ఖర్చు 2,200 రూపాయలు అనుకుంటే 22 లక్షలు. గృహ రక్షలో భవనం, సామాను రెండూ ఎంచుకుంటే భవనానికి చేసిన బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా, సామానుకు దానంతటదే వర్తిస్తుంది. వస్తువుల జాబితా కూడా ఇవ్వనక్కర్లేదు. మన ఉదాహరణలో అది 4 లక్షల 40 వేలు. అది చాలదనిపిస్తే జాబితా రాసి పెంచుకోవచ్చు. ఈ పాలసీలో ఇంకో మంచి విషయం, తక్కువ మొత్తానికి బీమా చేశారంటూ క్లెయిమ్‌లో కోత పెట్టరు. కొన్ని సొంత ప్యాకేజీల్లో ఆ కోత ఉంటుంది. 8 లక్షల సామానును 4 లక్షలుగా చూపిస్తే, 2 లక్షల నష్టానికి లక్షే చేతికొస్తుంది. ప్రీమియంలో వంద రూపాయలు మిగిలాయనుకున్న చోట లక్ష పోతుంది.

ఇంటి రుణం తీసుకున్న వాళ్లు ఒక కాగితం బయటికి తీసి చూడాలి. బ్యాంకు చేయించిన బీమా చాలాసార్లు గోడలకే ఉంటుంది, సామానుకు ఉండదు. కొన్నిచోట్ల పదేళ్ల ప్రీమియం ఒకేసారి లెక్కగట్టి రుణంలో కలిపేస్తారు. దానికి మనం ఇరవై ఏళ్లు వడ్డీ కడతాం. ఇంటికి బీమా ఉండాలని బ్యాంకు అడగవచ్చు, కానీ తన సోదర సంస్థ దగ్గరే కొనాలని బలవంతం చేసే హక్కు దానికి లేదు. బయట తక్కువకు కొని ఆ పాలసీ ఇవ్వవచ్చు.

నా ఉద్దేశంలో ఈ బీమా అందరికంటే ఎక్కువ అవసరమైంది అద్దె ఇళ్లలో, అందులోనూ గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండే వాళ్లకు. అద్దె కాస్త తక్కువని కింద పోర్షన్ తీసుకుంటారు, నీళ్లు ముందు చేరేది అక్కడికే. ఓనర్ బీమా చేయించుకున్నా అది ఆయన గోడలకే. అద్దెకుండే వాళ్లు భవనంతో సంబంధం లేకుండా సామానుకు మాత్రమే గృహ రక్ష తీసుకోవచ్చు. కానీ చాలా వెబ్‌సైట్లు మొదట అడిగేది 'మీ ఇంటి విలువ ఎంత' అనే. అద్దె వాళ్లు అక్కడే ఇది మన కోసం కాదనుకుని వెనక్కి వస్తారు. 'టెనెంట్' లేదా 'కంటెంట్స్ ఓన్లీ' అనే ఎంపిక ఎక్కడో కింద ఉంటుంది, వెతకండి. పదేళ్ల దాకా ఒకేసారి తీసుకునే వీలున్నా అద్దె వాళ్లు ఏడాదికే తీసుకోవడం మేలు. పాలసీ ఆ చిరునామాకే చెల్లుతుంది. ఇల్లు మారితే కంపెనీకి చెప్పి చిరునామా మార్పించుకోవాలి.

డ్వాక్రా సంఘాల ద్వారా వేల కుటుంబాలకు ఒకే గ్రూపు పాలసీ ఇప్పించడం రెండు రాష్ట్రాల ప్రభుత్వాలకూ అసాధ్యమేమీ కాదు. మున్నేరు ఒడ్డున ఖమ్మంలో, బుడమేరు కింద విజయవాడలో ఏ వీధులు మునుగుతాయో అధికారులకు తెలుసు. అక్కడ సగం ప్రీమియం ప్రభుత్వం భరించినా నష్టపోయిన కుటుంబం చేతికి అందేది ఇప్పటి సాయం కంటే చాలా ఎక్కువ. దీనికి బడ్జెట్‌లో చోటు పెట్టాలని గట్టిగా అడగాలి.

బంగారం విషయంలో మనవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. నగలు మామూలు సామాను కింద లెక్కకు రావు. విలువైన వస్తువులకు అదనపు కవర్ ఎంచుకోవాలి. మొత్తం 5 లక్షలు, ఒక్కో వస్తువు లక్ష దాటనంత వరకు వాల్యుయేషన్ సర్టిఫికెట్ అడగరు. లాకర్‌లో పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండడానికీ లేదు. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం అగ్నిప్రమాదం, దొంగతనం, సిబ్బంది మోసం లాంటి వాటికి బ్యాంకు బాధ్యత ఏడాది లాకర్ అద్దెకు వంద రెట్ల వరకే. వరద, భూకంపం లాంటి వాటికి, బ్యాంకు నిర్లక్ష్యం లేకపోతే, అదీ ఉండదు. కరెంటు హెచ్చుతగ్గులకు టీవీ కాలిపోతే గృహ రక్ష ఆ టీవీకి ఇవ్వదు, ఆ మంటలు పాకి మిగతావి కాలితే వాటికి ఇస్తుంది. సెల్లార్‌లో మునిగిన బైకు దీని కిందికి రాదు, దాని సొంత పాలసీలో ఓన్ డ్యామేజ్, అంటే మన బండికి జరిగిన నష్టానికి కవర్, ఉండాలి.

పాలసీ కొన్న రోజే ఫోన్‌తో ఇల్లంతా ఒక వీడియో తీయండి. బీరువా తలుపులు తెరిచి, ఫ్రిజ్ మీదున్న మోడల్ నంబరు కనిపించేలా తీయాలి. దొరికిన బిల్లులు ఫొటో తీసి, అన్నిటినీ మెయిల్‌కో డ్రైవ్‌కో పంపి పెట్టుకోండి. ఫోన్ కూడా ఆ నీళ్లలోనే పోవచ్చు. వరద తగ్గగానే అందరూ చేసే మొదటి పని పాడైన పరుపులు, సోఫాలు వీధిలో పడేయడం. మున్సిపాలిటీ బండి వాటిని తీసుకెళ్లిపోయాక నష్టం లెక్కగట్టడానికి వచ్చే సర్వేయర్‌కు చూపించడానికేమీ మిగలదు. వాసన భరించలేక బయట పెట్టక తప్పనప్పుడు, కంపెనీకి సమాచారం ఇచ్చి, ప్రతి వస్తువునూ నీటి మరకతో సహా ఫొటో తీసి, ఆ తర్వాతే పెట్టండి. దొంగతనమైతే ఎఫ్‌ఐఆర్, అగ్నిప్రమాదమైతే ఫైర్ స్టేషన్ నివేదిక ఉండాలి.

2024 జూన్‌లో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్లెయిమ్ సంగతి చెప్పిన 24 గంటల్లో సర్వేయర్‌ను కేటాయించాలి. ఆయన 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. అది అందిన 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. ఈ గడువులు తెలిసి అడిగేవాళ్లకూ, తెలియక ఎదురుచూసేవాళ్లకూ చాలా తేడా ఉంటుంది. కంపెనీ అన్యాయంగా కాదంటే ముందు అక్కడి ఫిర్యాదుల విభాగానికి రాయండి, ఐఆర్‌డీఏఐ వాళ్ల 'బీమా భరోసా' పోర్టల్‌లో నమోదు చేయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా వివాదాలు తేల్చే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయమే. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, 50 లక్షల దాకా వివాదాలు తీసుకుంటారు. కంపెనీ కాదన్నాక ఏడాదిలోపు వెళ్లాలి.