నాన్న జూలో ఉన్నాడు

బాల్కనీ తలుపుకి కింద గడియ పెట్టించింది నేనే. గాలొస్తే తలుపు టపటపా కొట్టుకుంటోందని, పై గడియ ఒక్కటీ ఆపలేకపోతోందని, పనిగట్టుకుని కార్పెంటర్‌ని పిలిపించి మరీ పెట్టించాను. మేకు కొట్టే ముందు అతను మా చిన్నోణ్ణి ఎగాదిగా చూసి, "పిలగాడున్నడు గద సార్, ఇంత కిందికెందుకు?" అన్నాడు. "నువ్వు కొట్టవయ్యా, వాడేం చేస్తాడు" అన్నాను.

వాడేం చేస్తాడో పదిహేను రోజులకి, జూన్ మొదటి ఆదివారం పొద్దున తెలిసింది.

ఇంకో వారంలో బడులు తెరుస్తారు. మూడో తరగతికి వెళ్ళబోతున్న మా పెద్దదాన్ని వెంటబెట్టుకుని మా ఆవిడ పుస్తకాలకీ అట్టలకీ కోఠీ బయల్దేరింది. వెళ్తూ వెళ్తూ నాకు మూడు పనులు అప్పజెప్పింది. కుక్కర్‌లో పప్పు మూడు విజిల్స్ రాగానే కట్టెయ్యాలి. మెషీన్ ఆగాక బట్టలు ఆరెయ్యాలి. చిన్నోణ్ణి చూసుకోవాలి.

"ఆఫీసులో పన్నెండు మందిని చూసుకుంటున్నానే, నాలుగేళ్ళ వెధవని చూసుకోలేనా?" అన్నాను. ఆవిడ చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ నావైపు ఒక్క చూపు చూసింది. ఏమీ అనలేదు. పెళ్ళయి పదేళ్ళయినవాళ్ళకి ఆ ఏమీ అనకపోవడంలో ఎంత ఉంటుందో తెలుసు.

జరిగింది అర్థం కావాలంటే ముందు మా జూ యాత్ర సంగతి చెప్పాలి. మే నెలలో ఒక సోమవారం సెలవు పెట్టి, పులిహోర కట్టించుకుని, నల్లకుంట నుంచి బహదూర్‌పురా దాకా ఎండలో పడి వెళితే, జూ పార్కు గేటు మూసి ఉంది. సోమవారం జూకి సెలవట. 1963 నుంచీ ఉన్న జూ అది, నేను పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే, అయినా నాకు ఆ ముక్క తెలియదు. గేటు ముందు చిన్నోడు పెట్టిన శోకానికి పక్కనున్న మీర్ ఆలం చెరువు ఇంకో అడుగు నిండి ఉంటుంది. పులిహోర ఆటోలోనే తినేసి ఇంటికొచ్చాం. "ఎందుకు మూశారు?" అని వాడు దారి పొడుగునా అడుగుతూనే ఉన్నాడు. "జంతువులకి కూడా రెస్టు ఉండాలి కదా నాన్నా" అని చెప్పాను.

తరవాతి ఆదివారం మళ్ళీ వెళ్ళాం. దాదాపు 380 ఎకరాల జూ. తెల్ల పులి ఉంది, ఏనుగులున్నాయి, సింహాల సఫారీ ఉంది. మావాడు తెల్ల పులి ముందు నిలబడి, దాని ఎన్‌క్లోజర్ గోడ మీద పాకుతున్న గండుచీమల్ని పావుగంట చూశాడు. ఆ తరవాత ప్రశ్నలు మొదలెట్టాడు. తలుపు ఎందుకేశారు? తీస్తే మనల్ని తినేస్తుంది. దానికి కోపం రాదా? రాదు, వేళకి తిండి పెడతారు. మనం బిస్కెట్ పెడదామా? వద్దు, అదిగో బోర్డు, సందర్శకులు జంతువులకి తిండి పెట్టకూడదు. మరి ఎవరు పెడతారు? జూ అంకుల్, చేతిలో కర్ర ఉంది చూడు, ఆయన పెడతాడు.

ఓపిగ్గా జవాబులు చెప్పే తండ్రినని ఆ రోజు నన్ను చూసి నేనే ముచ్చటపడ్డాను. చెప్పిన ప్రతి ముక్కా వాడు పొల్లు పోకుండా దాచుకుంటున్నాడని తెలిస్తే నోరు మూసుకుని ఉండేవాణ్ణి.

సరే, ఆదివారం పొద్దున. కుక్కర్ పొయ్యి మీదుంది. చిన్నోడు సోఫాలో నా ఫోన్‌లో బొమ్మలు చూస్తున్నాడు. మెషీన్ ఆగింది. లుంగీ, బనియన్‌తో బట్టల బకెట్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళాను. రెండో దుప్పటి దులుపుతుండగా వెనక తలుపు పడింది. గాలి అనుకున్నాను. 'టిక్' మంది. గాలి గడియ వెయ్యదు.

"నాన్నా, తలుపు తియ్యి."

కిటికీ రెక్క కొంచెం జరిగింది. దోమల జాలీ వెనక రెండు కళ్ళు.

"తియ్యను. తీస్తే నన్ను తినేస్తావు."

మొదట నవ్వొచ్చింది. ఫోన్ దగ్గరుంటే వీడియో తీసేవాణ్ణి కూడా. ఫోన్ వాడి చేతిలో ఉంది.

"నేను నాన్నని రా, పులిని కాదు."

"పులి కూడా అలాగే చెప్తుంది."

దీనికి నా దగ్గర సమాధానం లేదు. గొంతు మార్చి "బంగారం, ఐస్‌క్రీమ్ కొనిపెడతా" అన్నాను. "రేపు చూద్దాం" అన్నాడు. "ఇప్పుడే తియ్యి" అని కాస్త గట్టిగా అన్నాను. "ఐదు నిమిషాలు ఆగు, పనిలో ఉన్నా" అన్నాడు. తలుపు మీద దబదబా బాదాను. "అరిస్తే అస్సలు తియ్యను. మంచిగా అడుగు" అన్నాడు. గొంతు కూడా నాదే. చివర్లో ముక్కు ఎగబీల్చడంతో సహా.

కిటికీ గ్రిల్‌లోంచి చెయ్యి పెడితే గడియకి జానెడు దూరంలో ఆగిపోతోంది. మూడో ప్రయత్నంలో మోచెయ్యి గ్రిల్‌లో ఇరుక్కుంది. దాన్ని ఎలాగో లాక్కుని, బట్టలారేసే కర్ర తీసి, దాని కొక్కేన్ని లోపలికి పోనిచ్చి గడియకి తగిలించబోయాను. నిజంగానే తగిలేది. సరిగ్గా అప్పుడు కర్ర లోపల్నుంచి కదిలింది. వాడు అటు కొస పట్టుకుని లాగుతున్నాడు. నా చెయ్యి జారింది. కర్ర మొత్తం లోపలికి పోయింది.

"థాంక్యూ నాన్నా" అన్నాడు. జూ అంకుల్ చేతికి కర్ర వచ్చేసింది.

అప్పుడు వినిపించింది మొదటి విజిల్.

ఇక్కడ మాత్రం నాకు నవ్వు రాలేదు. లోపల వెలుగుతున్న పొయ్యి, నాలుగేళ్ళ పిల్లాడు, వాడి చేతిలో కర్ర. నా గుండె బకెట్‌లోకి జారింది. లోపల్నుంచి వాడు ఉత్సాహంగా "ఒకటీ!" అని లెక్క మొదలెట్టాడు. ఎల్‌కేజీ ఇంటర్వ్యూ కోసం మేమే నేర్పించాం, ఏ చప్పుడు విన్నా లెక్కపెట్టమని. "వంటింట్లోకి వెళ్ళకు!" అని అరుస్తూ అటూ ఇటూ తిరుగుతుంటే కాలికి ఏదో తగిలి బొటనవేలు చితికింది. గ్యాస్ సిలిండర్. మా బిల్డింగ్‌లో సిలిండర్లు బాల్కనీలోనే పెట్టి గోడలోంచి పైపు వేస్తారు. రెగ్యులేటర్ తిప్పేశాను. ఆ పూట మొత్తానికి నేను చేసిన తెలివైన పని అదొక్కటే. పప్పు ఒక్క విజిల్ మీద ఆగిపోయింది. "రెండు ఎప్పుడొస్తుంది?" అని లోపల్నుంచి ఫిర్యాదు.

ప్రాణం కుదుటపడ్డాక రోడ్డువైపు తిరిగాను. మా బాల్కనీకి పావురాల వల కట్టించి ఉంది. హైదరాబాద్‌లో ఇప్పుడు ఏ బాల్కనీ చూసినా ఆ వలే కదా. పావురాలు బయట హాయిగా తిరుగుతుంటాయి, మనం లోపలుంటాం. వల రెండు చేతులా పట్టుకుని కిందికి చూస్తే వాచ్‌మన్ కనిపించాడు.

"ఏం సార్, లోపటికెల్లి గడియ వెట్టిండా?"

"అవునయ్యా! పైకి రా!"

వచ్చాడు. బెల్లు కొట్టాడు. "ఎవరొచ్చినా తలుపు తియ్యొద్దని అమ్మ చెప్పింది" అని లోపల్నుంచి జవాబు. అదీ మేం నేర్పిందే. ఇంటి తాళంచెవి కోఠీలో మా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంది. వాచ్‌మన్ మళ్ళీ కిందికి దిగి, నాకు ఎదురుగా నిలబడి, "తీస్తలేడు సార్" అని చెప్పాడు. ఆ ముక్క చెప్పడానికి దిగక్కర్లేదు. కానీ అక్కణ్ణుంచి నేను బాగా కనపడతాను.

మెల్లగా జనం చేరారు. పాల పాకెట్ కోసం బయటికొచ్చిన పక్కింటి పిన్నిగారు, క్రికెట్ ఆడుతున్న పిల్లలు, ఇస్త్రీ బండి అతను. "పిల్లాడికి చాక్లెట్ చూపించండి" అంది పిన్నిగారు. చాక్లెట్లు లోపలున్నాయండీ. "వల కోసి దుంకున్రి అంకుల్" అన్నాడొక కుర్రాడు. రెండో అంతస్తు, పైగా లుంగీ. ఇస్త్రీ అతను ఏమీ అనలేదు. బకెట్‌లో బట్టల వైపు మాత్రం వృత్తిధర్మంగా చూశాడు.

ఇంతలో కింది ఫ్లాటు మాస్టారు వచ్చారు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. వింటానంటే ఇప్పటికీ చెప్తారు. విననన్నా చెప్తారు. వాచ్‌మన్ చేసిన తప్పల్లా, "మంజీర నీళ్ళొచ్చినయ్ సార్, మోటరేసిన, ట్యాంకు నిండినంక మళ్ళొక్కసారి పోయి సూస్త" అనడం.

"మంజీరా అంటావేంటోయ్!" అన్నారు మాస్టారు. "ఈ ఊళ్ళో కుళాయిలో ఏ నీళ్ళొచ్చినా మంజీరా అనేస్తారు. అసలు కథ 1908 సెప్టెంబరులో మూసీకి వరదొచ్చినప్పుడు మొదలైంది. ఊరు సగం కొట్టుకుపోతే నిజాం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించాడు..."

"మాస్టారూ, నా తలుపు..."

"వస్తున్నా, అక్కడికే వస్తున్నా. 1920లో గండిపేట. 1927లో హిమాయత్‌సాగర్. గండిపేట నీళ్ళు తాగినవాడు ఈ ఊరు వదిలి పోడని ఊరికే అన్నారా? ఆ తరవాత మంజీరా. అదీ చాలక..."

క్రికెట్ పిల్లలు ఎప్పుడో మాయమయ్యారు. పోదామన్నా నాకు దారి లేదు. ఇలా కదలకుండా పాఠం వినే విద్యార్థి సర్వీసు మొత్తంలో ఆయనకి దొరికి ఉండడు.

వెనక కిటికీ చప్పుడైంది. తిరిగి చూస్తే గ్రిల్‌లోంచి ఒక ఉస్మానియా బిస్కెట్ బయటికి వస్తోంది. సగం కొరికింది.

"తిను. వేళకి తిండి పెడితే కోపం రాదు."

తిన్నాను. పొద్దున కాఫీ తప్ప ఏమీ పడలేదు మరి. పిన్నిగారు పైనున్న నన్ను చూసి జాలిపడి, "అయ్యో, ఒక అరటిపండు విసరనా బాబూ?" అంది. విసరకముందే లోపల్నుంచి కేక.

"ఎవ్వరూ ఏమీ పెట్టకూడదు! బోర్డుంది!"

"...అదీ చాలక 2004లో కృష్ణా నీళ్ళు వచ్చాయి" అన్నారు మాస్టారు.

వచ్చాయి. సరిగ్గా అప్పుడే, నా నెత్తి మీద. వాచ్‌మన్ పాఠంలో పడి మోటరు సంగతి మరిచాడు. పైన ట్యాంకు పొంగి, గొట్టంలోంచి జలపాతంలా మా బాల్కనీలోకి దూకింది. ఆరేసిన రెండు దుప్పట్లూ, నేనూ, సగం బిస్కెట్టూ ముద్దయిపోయాం. వాచ్‌మన్ "అరెరె, మోటర్!" అని పరిగెత్తాడు. లోపల జూ అంకుల్ చప్పట్లు కొట్టాడు. జూలో ఏనుగు స్నానం మిస్సయిందని వాడికి అప్పట్నుంచీ బెంగ.

ఆ సంబరంలోనే ఫోన్ మోగింది. వాడు ఎత్తాడు. జాలీలోంచి అంతా వినపడుతోంది.

"హలో అమ్మా... నాన్న లేడు. నాన్న జూలో ఉన్నాడు... ఆఁ... నేను ఇంట్లో ఉన్నా... ఒక్కణ్ణే... బిస్కెట్ తింటున్నా. అమ్మా, నా చేతిలో కర్ర ఉంది. బై."

"ఒసేయ్, నేనిక్కడే ఉన్నానే!" అని అరిచాను. అప్పటికే వాడు పెట్టేసి మళ్ళీ బొమ్మల్లోకి వెళ్ళిపోయాడు. ఫోన్ మళ్ళీ మోగింది. అడ్డొస్తోందని కట్ చేశాడు. ఏడుసార్లు కట్ చేశాడు. ప్రతిసారీ లెక్కపెట్టాడు.

అవతల జరిగింది మా పెద్దది తరవాత చెప్పింది. కోఠీలో అట్టల బేరం మధ్యలో వదిలేసి, ఆటో అతను అడిగినంతా ఒప్పేసుకుని, కాచిగూడ మీదుగా వచ్చేదాకా వాళ్ళమ్మ నన్ను తిడుతూనే ఉందట. "పసివాణ్ణి ఒక్కణ్ణి వదిలేసి జూకి వెళ్ళాడా ఆ మనిషి?" అని ఆటో అతనితో కూడా అందట. అతను బాగా ఆలోచించి, "ఆదివారం కద మేడం, రష్ బాగుంటది" అన్నాడట. ఆటోలో ఇంకా ఏమందో చెప్పొద్దని పెద్దదానితో ఒట్టేయించుకుంది.

తాళం తిరిగిన చప్పుడు. పరుగున అడుగులు. ఆ వెంటనే చిన్నోడి గొంతు.

"టికెట్?"

మా ఆవిడ వాణ్ణి ఎత్తుకుని, ముద్దుపెట్టుకుని, అన్ని వైపులా తిప్పి చూసుకుని, ఆ తరవాత కిటికీ దగ్గరికి వచ్చింది. లుంగీ కాళ్ళకి అతుక్కుపోయి, బనియన్ లోంచి నీళ్ళు కారుతూ, మూతికి బిస్కెట్ పొడితో, వల పట్టుకుని నిలబడ్డ నన్ను చూసింది. పొద్దున్నే చూసిన చూపే. వెంటనే తలుపు తియ్యలేదు.

"అమ్మా, ఒక్క ఫోటో, ఒక్కటే" అంది పెద్దది.

ఒక్కటి కాదు, నాలుగు తీసింది. నేను తుడుచుకుని బయటికొచ్చేలోగా ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశారు. మా బావమరిది అడిగాడు, "బావా, ఇది ఏ జాతి?" మా అమ్మ మాత్రం తడిబట్టలతో ఉండకురా, జలుబు చేస్తుంది అని పెట్టింది.

పప్పు ఉడకలేదు. దుప్పట్లు మళ్ళీ మెషీన్‌లో వేశాం. సాయంత్రం కార్పెంటర్‌కి ఫోన్ చేస్తే, "పై గడియ చాలు సార్, నేనప్పుడే చెప్పిన" అని, రేపొస్తానన్నాడు.

మర్నాడు పొద్దున ఆ దుప్పట్లే ఆరెయ్యడానికి బాల్కనీ తలుపు దగ్గరికి వెళ్ళాను. గడియ ఇంకా అక్కడే ఉంది. చిన్నోడు పక్కనే కూర్చుని పాలు తాగుతున్నాడు. వాడివైపు చూశాను. వాడు నావైపు చూశాడు. ఎందుకైనా మంచిదని తలుపుకి అడ్డంగా కుర్చీ జరపబోయాను.

"భయపడకు నాన్నా" అన్నాడు, పాలమీసం తుడుచుకుంటూ. "ఇవాళ సోమవారం."