పావలా పోయింది, పావలా వడ్డీ పోలేదు

రద్దయిన నాణేలతో మనుషుల్ని తిట్టడం చట్టప్రకారం చెల్లుతుందా అన్న ప్రశ్నని ఇంతవరకూ ఏ కోర్టూ విచారణకి తీసుకోకపోవడం విచారకరం. "వాడు దమ్మిడీకి కొరగాడు" అని నలుగురిలో అనేస్తారు. దమ్మిడీ చలామణీలో లేదు. ఇప్పటి ధరల్లో దాని విలువెంతో తేల్చకుండా ఒక పౌరుడి పరువుకి రేటెలా కడతారు? ఉద్యోగులకి కరువు భత్యం పెరుగుతోంది, తిట్లకి మాత్రం ఒక్క సవరణా లేదు.

చిల్లిగవ్వ సంగతి మరీ ఘోరం. నెలాఖరున ఫోన్‌పే తెరిచి "చిల్లిగవ్వ లేదురా" అనేవాడి దగ్గర నిజానికి మంచి గవ్వ కూడా ఉండదు, వాళ్లింట్లో ఎవరైనా వైకుంఠపాళీ ఆడితే తప్ప.

ఇక పదహారణాల తెలుగమ్మాయి. 1957 ఏప్రిల్ 1న, అప్పటిదాకా పదహారు అణాలుగా ఉన్న రూపాయికి వంద నయాపైసలు చేశారు. ఆ పొద్దున్నే ఆమె నూరు నయాపైసల తెలుగమ్మాయి అయిపోవాలి. 1964లో 'నయా' కూడా తీసేశారు కాబట్టి పెళ్లిచూపుల నాటికి ఉత్త నూరు పైసల అమ్మాయి. పెళ్లిళ్ల పేరయ్యలు ఈ మార్పుని అమలు చేయలేదు, ప్రభుత్వమూ నోటీసులివ్వలేదు. (ఆ అమ్మాయి ఇప్పుడు డాలస్‌లో ఉంటుంది, ఆ మారకం లెక్క వేరు.)

ఇవన్నీ చిల్లర నేరాలు. అసలు ముద్దాయి పావలా.

2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో డ్వాక్రా సంఘాలకి పావలా వడ్డీ పథకం పెట్టారు. నూటికి నెలకి పావలా, అంటే ఏడాదికి 3 శాతం. 2011 జూన్ 30తో 25 పైసల నాణెం కాలం చేసింది. వడ్డీ పేరు మాత్రం దినకర్మలకి కూడా ఆగకుండా తిరుగుతూనే ఉంది. ఆడవాళ్లకి మేలు చేసిన మాట కదా, క్షమిద్దాం. కానీ అదే కొలతతో ఊళ్లో వడ్డీ వ్యాపారి "మనవాడివని రెండ్రూపాయలకే ఇస్తున్నా" అంటాడు. రెండ్రూపాయలు! టీ కూడా రాదు. అప్పు అడిగినవాడు చేతులు జోడిస్తాడు. ఏడాదికి 24 శాతం అని విప్పి చెబితే అవే చేతులు కర్ర కోసం వెతికేవి. ఐదు రూపాయల వడ్డీ అంటే 60 శాతం. వినడానికి మాత్రం పిల్లాడి చాక్లెట్ ఖర్చులా ఉంటుంది. ఈ మాటకి తిండి పెట్టి పెంచుతున్నదెవరో వేరే చెప్పాలా?

బ్యాంకులకి ఇంత భాషాజ్ఞానం లేదనుకుంటాం. ఇంటి అప్పు 9 శాతం అని చెప్పి జనాన్ని అనవసరంగా టెన్షన్ పెడతాయి. "ముప్పావలా వడ్డీ" అని బోర్డు పెట్టుకుంటే సరిపోయేది. కానీ క్రెడిట్ కార్డు బాకీ దగ్గరికి వచ్చేసరికి నెలకి మూడున్నర శాతం చుట్టుపక్కల ఉంటుంది. నెలకి! అరుగు మీద కండువా మనిషి వేసే లెక్కే అది, టై కట్టుకుని వచ్చింది.

అందుకని ప్రభుత్వానికి నా విన్నపం ఒక్కటే. కార్డు బిల్లు మీద "మూడున్నర రూపాయల వడ్డీ" అని తెలుగులో, బోల్డు అక్షరాలతో అచ్చు వేయించాలి. ఎవరి అరుగు మీద కూర్చున్నామో అప్పుడైనా తెలుస్తుంది. ప్రాంసరీ నోటు మీద రెవెన్యూ స్టాంపు అంటించి, ఇద్దరు సాక్షుల చేత సంతకాలు కూడా పెట్టిస్తే మరీ శ్రేయస్కరం.