వాన వెలిశాకే మైదానానికి అసలు గండం

వర్షంతో మ్యాచ్ ఆగిన ప్రతిసారీ విమర్శ కవర్లు లాగడంలో ఆలస్యం చేసిన సిబ్బంది దగ్గర మొదలై, నీటిని పీల్చే యంత్రాలైన సూపర్ సాపర్లు ఎన్ని ఉన్నాయన్న లెక్క దగ్గర ఆగిపోతుంది. పైకి కనిపించే నీటిని తోడేస్తే పని అయిపోయినట్టేనన్న భావన దీని వెనుక ఉంది. ఆటస్థలానికి పెద్ద నష్టం మాత్రం చాలాసార్లు వాన వెలిసిన తర్వాత, మట్టి ఇంకా పదునుకు రాకముందే దాని మీదికి ఆటగాళ్లనూ యంత్రాలనూ వదిలినప్పుడు జరుగుతుంది.

మట్టి రేణువుల మధ్య ఖాళీల్లో మామూలుగా కొంత నీరు, కొంత గాలి ఉంటాయి. ఎడతెరిపి లేని వానకు ఆ ఖాళీలు నీటితో నిండితే మట్టి పట్టు సడలుతుంది. అప్పుడు బూట్ల స్పైకులు, రోలరు, ట్రాక్టరు చక్రాలు మోపే బరువుకు దాని అల్లిక చెదిరి, ఖాళీలు మూసుకుపోతాయి. అదే మట్టి ఆరాక ఇటుకలా బిగుసుకుంటుంది, వేళ్లకు గాలి అందదు, తర్వాతి వాన నీరు లోపలికి దిగదు. ఫుట్‌బాల్‌లో గోల్ ముందరి భాగం, క్రికెట్‌లో బౌలర్లు పరుగెత్తి వచ్చే రనప్ తొందరగా దెబ్బతినేది తొక్కిడి అక్కడే ఎక్కువ కనుక. పట్టుబట్టి ఆడించిన ఒక్క మ్యాచ్ సీజన్ మిగతా భాగాన్నంతా బురదపాలు చేయవచ్చు.

డ్రైనేజీ గొట్టాలు వేశాం కదా అనే సమాధానం చాలామంది నిర్వాహకుల దగ్గర సిద్ధంగా ఉంటుంది. పైన నాలుగు వేళ్ల మందాన బంకమట్టి బిగుసుకుపోయి ఉంటే, అడుగున ఎంత లావు గొట్టాలున్నా వాటి దాకా నీరు చేరదు. ఉపరితలం నుంచి గొట్టాల మీది గులకరాళ్ల దాకా సన్నని చాళ్లు తవ్వి ఇసుకతో నింపే పద్ధతి వచ్చింది ఇందుకే. సుమారు 30 సెంటీమీటర్ల ఇసుక పొర, దాని కింద 10 సెంటీమీటర్ల గులకరాళ్ల పొర వేసి మైదానాన్ని నిర్మించడం ఇంకా మేలైన మార్గం. కాకపోతే ఇసుక నీటితో పాటు ఎరువునూ కిందికి దించేస్తుంది కాబట్టి ఆ పచ్చికకు పోషణ ఎక్కువ కావాలి.

2024 సెప్టెంబరులో గ్రేటర్ నోయిడాలో అఫ్గానిస్థాన్, న్యూజిలాండ్ జట్ల టెస్టు ఒక్క బంతి కూడా పడకుండానే రద్దయింది. మొదటి రెండు రోజులు ఆట వేళల్లో చెప్పుకోదగ్గ వాన లేదు. అంతకుముందే నానిపోయిన అవుట్‌ఫీల్డ్‌ను, అంటే పిచ్ చుట్టూ ఉండే పచ్చికను, ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టారు, తడి వదలని చోట తవ్వి వేరేచోటి పచ్చిక తెచ్చి అతికారు, ఏదీ ఫలించలేదు. బెంగళూరు చిన్నస్వామి స్టేడియంలో 2017లోనే నేల కింది గొట్టాల ద్వారా నీటిని లాగే సబ్‌ఎయిర్ వ్యవస్థ ఏర్పాటైంది. అంత ఖర్చు అందరూ పెట్టలేరు, నిజమే. చాళ్లు తవ్వించడం, ఏటా నేలను గుల్లబరచడం మాత్రం చిన్న మైదానాలకూ అసాధ్యం కాదు. అవి ఎవరి కంటా పడని పనులు కనుకనే వాటికి నిధులు దొరకవని నా అనుమానం.

కవర్లదీ రెండంచుల వ్యవహారమే. శ్రీలంకలో మైదానమంతా కప్పడం వల్ల వాన ఆగిన కాసేపటికే ఆట మొదలవడం చూస్తుంటాం. అయితే రోజుల తరబడి కప్పి ఉంచితే వెలుతురు లేక గడ్డి పాలిపోతుంది, అడుగున చెమ్మ పేరుకుని శిలీంద్రాలు చేరతాయి. తెరిపి ఇచ్చినప్పుడల్లా, మీద నిలిచిన నీరు పిచ్ మీదికి ఒలకకుండా, కవర్లను ఎత్తి గాలి తగలనివ్వాలి. పిచ్‌ను హడావిడిగా ఆరబెడితే పైపొర ఎండి లోపలి మట్టి మెత్తగానే ఉండిపోతుంది. తడి మీద రోలరు తిప్పితే మట్టి దానికే అంటుకుని లేచి వస్తుంది. వానల ముందు నత్రజని ఎరువు వేయడమూ దండగే, నీటితో కొట్టుకుపోతుంది.

ఇవేవీ మైదానాన్ని సంరక్షించే క్యూరేటర్లకు తెలియని సంగతులు కావు. ఈ రోజు వద్దని చెప్పే అధికారమే వారికి ఉండదు. పెద్ద మ్యాచ్‌లలో నిర్ణయం అంపైర్లది. చిన్న మైదానాల్లో అద్దె కట్టిన జట్టుదో, టోర్నీ తేదీలు ప్రకటించేసిన నిర్వాహకులదో పైచేయి అవుతుంది. నేల తడిగా ఉంటే క్యూరేటర్ మాటే చివరిదని, రద్దయితే మరో తేదీ గానీ డబ్బు వాపసు గానీ ఇస్తామని అద్దె ఒప్పందంలోనే రాయాలి. టోర్నీ షెడ్యూలులో ఖాళీ రోజులు ముందే ఉంచాలి. అప్పుడు వాన మర్నాడు ఉదయం మైదానంలో దిగి, మడమతో నొక్కి చూసి, గేటు తెరవాలో వద్దో ఆయనే చెప్పగలడు.