ఖండన లక్షణం

పెద్ద టెక్ కంపెనీలకూ గూఢచారి సంస్థలకూ లోపాయికారీ సంబంధాలున్నాయని గిట్టనివాళ్లు ఏళ్ల తరబడి ఆడిపోసుకుంటున్నారు. ఆ అపవాదు వినలేకే ఈ నాలుగు ముక్కలు. కంపెనీలు ఆ ఆరోపణను ఎన్నడో ఖండించాయి. అదీ ఆషామాషీగా కాదు, అక్షరం అక్షరం లాయర్ల చేత జల్లెడ పట్టించి మరీ ఖండించాయి. పద్యానికి యతిప్రాసలున్నట్టు ఖండనకూ ఒక లక్షణముంది. అది తెలియనివాళ్లే దాన్ని అబద్ధమంటారు. పౌరసంబంధాల విభాగంలో కొత్తగా చేరేవారికి పనికొస్తుందని ఆ లక్షణాన్ని ఇక్కడ విడమరిచి చెబుతున్నాం.

ఈ ప్రక్రియలో శిఖరం లాంటి రచనలు 2013 జూన్ 7న వెలువడ్డాయి. ముందురోజే గార్డియన్, వాషింగ్టన్ పోస్ట్ పత్రికలు అమెరికా గూఢచారి సంస్థ ఎన్‌ఎస్‌ఏ దగ్గర కాంట్రాక్టు ఉద్యోగిగా పనిచేసిన స్నోడెన్ బయటపెట్టిన ప్రిజమ్ స్లైడ్లు అచ్చేశాయి. టెక్ కంపెనీల నుంచి వాడకందారుల సమాచారం సేకరించే కార్యక్రమమది. కంపెనీలు అందులో ఏ తేదీన చేరాయో కూడా ఆ స్లైడ్లలో ఉంది. మైక్రోసాఫ్ట్ 2007 సెప్టెంబర్ 11, యాహూ 2008 మార్చి, గూగుల్ 2009 జనవరి, ఫేస్‌బుక్ అదే ఏడు జూన్. యాపిల్ మాత్రం 2012 అక్టోబర్ దాకా బెట్టు చేసింది. గూగుల్, ఫేస్‌బుక్ అధినేతలు మర్నాడే బదులిచ్చారు. మా సర్వర్లలోకి ప్రభుత్వానికి నేరుగా ప్రవేశం కల్పించే ఏ కార్యక్రమంలోనూ మేం లేం, ప్రిజమ్ పేరు నిన్నటిదాకా విననేలేదు అన్నారు. ఇద్దరి మాటా దాదాపు ఒకటే. మహానుభావుల ఆలోచనలు కలుస్తాయంటే ఇదే కాబోలు.

గమనించండి, రెండూ నిజాలే. ఖండనలో అబద్ధం ఉండకూడదన్నది మొదటి నియమం. ప్రిజమ్ అన్నది ఎన్‌ఎస్‌ఏ తన ఇంట్లో పెట్టుకున్న ముద్దుపేరు. కంపెనీకి వచ్చే ఉత్తర్వు మీద ఆ పేరు ఉండదు, కాబట్టి వినే ప్రసక్తే లేదు. ఇక ‘నేరుగా’ సంగతి. ఎన్‌ఎస్‌ఏ విశ్లేషకుడు ఒక ఈమెయిల్ అడ్రసో ఫోన్ నంబరో ఎంచుకుంటాడు. వాళ్ల భాషలో అది సెలెక్టర్. విదేశాల్లో ఉన్న విదేశీయుడిదైతే 2008 నాటి విదేశీ నిఘా చట్ట సవరణలోని సెక్షన్ 702 కింద ప్రతి మనిషికీ విడివిడిగా వారంటు అక్కర్లేదు. ఆ సెలెక్టర్ ఎఫ్‌బీఐ మీదుగా కంపెనీకి చేరుతుంది. అక్కడ లాయర్లు చూస్తారు, ఇంజనీర్లు ఆ ఖాతాలోని సరుకు బయటికి తీస్తారు, మళ్లీ ఎఫ్‌బీఐ దారినే వెనక్కి పంపుతారు. ఆ నెలలోనే గూగుల్ ప్రతినిధి విలేఖరులకు ఇదంతా ఓపిగ్గా వివరించారు. ఎక్కువగా సెక్యూర్ ఎఫ్‌టీపీలో, అంటే నెట్‌లో ఫైళ్లు భద్రంగా పంపే పద్ధతిలో పంపుతామని, ఒక్కోసారి చేతికే అందిస్తామని చెప్పారు. సరుకు చేతికొస్తుంటే సర్వర్ గదిలోకి రావలసిన ఖర్మ ఎవరికి? అందుకే మనవి: వాక్యం బరువుగా ఉందని ఏ ఎడిటరైనా ‘నేరుగా’ అన్న మాట కొట్టేయబోతే చెయ్యి పట్టుకుని ఆపండి. కప్పు మొత్తం ఆ ఒక్క దూలం మీదే నిలబడి ఉంది.

అంకెలు చెప్పడంలోనూ పద్ధతుంది. 2014 జనవరిలో ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం, ఆపైన 2015 నాటి చట్టం ప్రకారం జాతీయ భద్రతా లేఖలు, అంటే కోర్టు ప్రమేయం లేకుండా ఎఫ్‌బీఐ సమాచారం అడిగే ఉత్తర్వులు, ఎన్నొచ్చాయో గంపగుత్తగానే చెప్పాలి. ‘0 నుంచి 499’ అన్నట్టు. ఒక లేఖ వచ్చిన కంపెనీ, 499 వచ్చిన కంపెనీ నివేదికలో కవలపిల్లల్లా కనిపిస్తాయి. దీన్నే పారదర్శకత నివేదిక అంటారు. అసలు అంకె చెబుతానని ట్విటర్ 2014లో దావా వేసింది. 2023లో అప్పీలు కోర్టు కుదరదంది, 2024 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు వినడానికే ఒప్పుకోలేదు. తొమ్మిదేళ్లకు పైగా లాయర్ల ఫీజు, చివరికి మిగిలింది మళ్లీ గంపే.

కొత్తవాళ్లు ఎక్కువగా జారిపడేది ‘ఎన్నడూ’ అన్న మాట దగ్గర. యాపిల్ 2013 నవంబర్ నివేదికలో, వ్యాపార రికార్డులు రహస్యంగా అడిగే పేట్రియాట్ చట్టం 215వ సెక్షన్ కింద మాకు ఎన్నడూ ఉత్తర్వు రాలేదని రాసింది. తర్వాతి నివేదికల్లో ఆ వాక్యం లేదు. 2014 సెప్టెంబర్‌లో జనం అది కనిపెట్టి గోల చేశారు. ఉత్తర్వు వచ్చిందని ఎవరూ అనలేదు, వాక్యం కనబడకుండా పోయిందంతే. ఏటా రాయగలమన్న పూచీ లేని వాక్యాన్ని మొదటి ఏడే రాయకండి.

ఎదురు తిరిగితే ఏమవుతుందో యాహూ చూపించింది. ఇలాంటి నిఘా ఉత్తర్వులను పరిశీలించే రహస్య కోర్టులో వాదించి ఓడింది. మాట వినకపోతే రోజుకు కనీసం 2,50,000 డాలర్ల జరిమానా వేయమని ప్రభుత్వం అడిగిన సంగతి 2014లో కాగితాలు బయటికొచ్చాక గానీ తెలియలేదు. అంతకుముందు ఏళ్ల తరబడి యాహూ ఈ పోరాటం గురించి గొప్పగా చెప్పుకోవడానికి కూడా నోరు విప్పడానికి లేదు. ఆ కోర్టు మాత్రం కఠినమైనదే సుమా. 1979 నుంచి 2012 వరకు వచ్చిన దాదాపు 33,900 దరఖాస్తుల్లో ఏకంగా 11 తిరస్కరించింది.

ఎంత జాగ్రత్తగా రాసినా అవతలివాళ్ల చేష్టల వల్ల ఖండన నవ్వులపాలయ్యే ప్రమాదం ఉంది. 2013 అక్టోబర్‌లో అదే జరిగింది. గూగుల్, యాహూ డేటా సెంటర్ల మధ్య సొంత కేబుళ్లలో సమాచారం అప్పట్లో ఎన్‌క్రిప్షన్ లేకుండా, అంటే ఇతరులు చదవలేని సంకేతాల్లోకి మార్చకుండానే నడిచేది. ఎన్‌ఎస్‌ఏ, బ్రిటన్ గూఢచారి సంస్థ జీసీహెచ్‌క్యూ కలిసి అక్కడ గండి కొట్టాయి, పేరు మస్కులర్. ముప్ఫై రోజుల్లో ఎన్‌ఎస్‌ఏ కార్యాలయమున్న ఫోర్ట్ మీడ్‌కు చేరిన రికార్డులు 18 కోట్ల పైమాటే. ముందు వాకిట్లో ఉత్తర్వు చూపించి తీసుకెళుతున్నవాడే పెరటిగోడ దూకుతున్నాడని అప్పుడు తెలిసింది. స్లైడు మీద చేత్తో గీసిన బొమ్మలో, ఎన్‌క్రిప్షన్ ఊడిపోయే చోటుకి బాణం గుర్తు, పక్కన ఒక నవ్వు ముఖం. ఆ బొమ్మ చూసి గూగుల్‌తో సంబంధమున్న ఇద్దరు ఇంజనీర్లు బూతులు లంకించుకున్నారని వాషింగ్టన్ పోస్ట్ రాసింది. ఖండన చరిత్రలో లాయరు చూడకుండా వెలువడ్డ ప్రకటన మాకు తెలిసి అదొక్కటే.

ఈ తంటాలేవీ లేని దారి ఒకటుంది, అమ్మకం. 2018లో సుప్రీంకోర్టు కార్పెంటర్ కేసులో, ఫోను ఎక్కడెక్కడ తిరిగిందో టవర్ రికార్డులు కావాలంటే వారంటు తెమ్మంది. 2021 జనవరిలో రక్షణ గూఢచార సంస్థ డీఐఏ ఒక సెనేటర్ కార్యాలయానికి రాసిచ్చిన జవాబు చదవదగ్గది. లొకేషన్ డేటా మేం డేటా అమ్మే బ్రోకర్ల దగ్గర కొంటున్నాం, కొన్న సరుకుకు ఆ తీర్పు వర్తించదని మా అవగాహన అని దాని సారాంశం. యాప్‌లో ఇమిడిన ఎస్‌డీకే అనే బయటివాళ్ల కోడ్ ముక్క ఫోను ఉన్న చోటునూ ప్రకటనల ఐడీనీ బ్రోకరుకు పంపుతుంది, బ్రోకరు ఎవరికైనా అమ్ముతాడు. యాప్ తయారుచేసినవాడు ‘మేం ప్రభుత్వానికి ఏమీ ఇవ్వలేదు’ అని గుండె మీద చెయ్యేసుకుని చెప్పొచ్చు.

చివరగా, ఖండించనక్కర్లేని వాటిని పొరపాటున ఖండించకండి. 2005 నుంచి 2014 దాకా ఎన్‌ఎస్‌ఏను నడిపిన కీత్ అలెగ్జాండర్ 2020లో అమెజాన్ బోర్డులో చేరారు, 2018 నుంచి 2024 దాకా నడిపిన పాల్ నకసోనే 2024 జూన్‌లో ఓపెన్ ఏఐ బోర్డులో చేరారు. ఇవి ప్రకటించుకునే సంగతులు. 2013లోనే సీఐఏ తన క్లౌడు పనిని అమెజాన్‌కు ఇచ్చింది, విలువ 60 కోట్ల డాలర్లని పత్రికలు రాశాయి. మిగతావాళ్లు మాకే పాపం తెలియదని ప్రకటనలు రాసుకుంటున్న ఆ ఏడే ఐబీఎం ఫిర్యాదుకెక్కింది. ఫిర్యాదు ఏమిటంటే, ఆ పని మాకెందుకు ఇవ్వలేదని. అక్టోబర్‌లో అమెజాన్ గెలిచింది. ఆ వ్యవహారంలో ఖండన రాయమని ఏ పౌరసంబంధాల అధికారికీ ఫోన్ రాలేదు.