మా జిమ్మీగాడి స్టీలు గిన్నె గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ స్టీలు గిన్నె గారికి,

ఉభయకుశలోపరి. ఉభయ అని అలవాటుగా రాశాను గానీ, ఇక్కడ కుశలంగా ఉన్నది మీరొక్కరే. నిన్న పొద్దున టీ బండి ముందు మీ ప్రసాదమంతా కక్కేసిన జిమ్మీగాడు ఇప్పుడు నా కుర్చీ కింద పడుకుని మళ్ళీ మీ వైపే చూస్తున్నాడు. సిగ్గు లేదు వాడికి.

మీ పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలుసులెండి. మీ అంచు మీద చుక్కల అక్షరాల్లో 'గృహప్రవేశ శుభసందర్భమున' అని కొట్టించింది ఇప్పటికీ కనిపిస్తుంది, ఇచ్చినవాళ్ళ పేరే అరిగిపోయింది. పాయసం కోసం మా ఇంటికొచ్చారు. పక్కన సొట్ట పడ్డాక కుక్క శాఖకు బదిలీ అయ్యారు. ఆ కసంతా మా మీద తీర్చుకుంటున్నారేమోనని నా అనుమానం.

విషయానికొస్తాను. నవంబరు నుంచి నేనూ వాడూ పొద్దున్నే అయిదు కిలోమీటర్లు పరిగెడుతున్నాం. వాడు నాటు కుక్క, 24 కిలోలు, పిడికెడు నడుము, నాకంటే బాగా పరిగెడతాడు. నా నడుముకు బెల్టు కట్టుకుని వాడి తాడు దానికి తగిలిస్తాను. యూరప్‌లో దీనికి కానిక్రాస్ అని పేరు పెట్టి పోటీలు కూడా నడుపుతారు, మా కాలనీలో మాత్రం 'కుక్క ఆయన్ని ఈడ్చుకుపోతోంది' అంటారు.

సరిగ్గా నేను షూ లేసులు కట్టుకునే వేళకి వంటింటి గచ్చు మీద మీరు టంగుమంటారు. నిండా పెరుగన్నం. "ఖాళీ కడుపుతో మూగజీవాన్ని పరిగెత్తిస్తావురా, పాపం తగుల్తుంది" అంటుంది అమ్మ. ఎంత పెట్టావమ్మా అంటే నాలుగు ముద్దలేరా అంటుంది. మీ అంచు దాకా వస్తే నాలుగు ముద్దలు, అంచు దాటి కింద పడితే అయిదు, ఇదీ మీ ఇద్దరి తూకం.

నిన్న ఆ నాలుగు ముద్దలూ మూడో కిలోమీటరు దగ్గర బయటికొచ్చాయి. అన్నం మెతుకు మెతుకు విడివిడిగా, ఆవాలు ఆవాల్లాగే, కరివేపాకు రెబ్బ కూడా చెక్కుచెదరకుండా. టీ బండాయన గ్లాసులు కడగడం ఆపి కాసేపు చూసి, "పోపు బాగా పెడతారు సార్ మీ ఇంట్లో" అన్నాడు.

అక్కణ్ణుంచి పశువుల డాక్టరు దగ్గరికి పోయాం. కడుపు నిండా తిన్న కుక్కను మూడు నాలుగు గంటలు గడవకుండా పరిగెత్తించకూడదట. కక్కుకుంటే మంచిదే, లోతైన ఛాతీ ఉన్న కుక్కల్లో కడుపు గాలికి ఉబ్బి మెలిపడిందంటే గంటల్లో ప్రాణం మీదికొస్తుందన్నారాయన. కాబట్టి అసలు భోజనం ముందు రోజు రాత్రి, మిగతాది పరుగయ్యాక, రొప్పు పూర్తిగా తగ్గి ఓ అరగంట, గంట గడిచాక. నేను పరుగుకు ముందు అరటిపండు తింటానని వాడికీ పెట్టాలని రూలేమీ లేదు. ఎక్కువ దూరం మెల్లగా పరిగెత్తే కుక్క ఒళ్ళు మనకంటే బాగా కొవ్వును కాల్చుకుంటుంది, రాత్రి తిన్నది వాడికి అయిదు కిలోమీటర్లకు బ్రహ్మాండంగా సరిపోతుంది. ఇదంతా ఇంటికొచ్చి చెబితే అమ్మ విన్నది ఒకటే ముక్క: "చూశావా, పరుగే వద్దన్నారు."

నాన్నది ఇంకో దారి. ఫోన్లో అలాస్కా కుక్కల వీడియో చూశారు. ఇడిటరాడ్ అని, మంచు మీద బండి లాగుతూ దాదాపు 1,600 కిలోమీటర్లు పోయే పందెం, 1973 నుంచి జరుగుతోంది. ఆ పందెంలో ఒక్కో కుక్కకు రోజుకు పదివేల కేలరీల దాకా పడుతుంది. ఇంకేముంది, "మనం వీణ్ణి మాడ్చేస్తున్నాంరా" అని మొదలుపెట్టారు. లెక్కేసి చూపించాను. పదివేల కేలరీలంటే సుమారు పది కిలోల పెరుగన్నం, అంటే మీరు తెల్లారకుండా వంటింటికీ వరండాకీ షటిల్ సర్వీసు నడపాలి. జిమ్మీగాడి సైజు ఇంటి కుక్కకు రోజు మొత్తానికి 1,200 చుట్టుపక్కల చాలు. అయిదు కిలోమీటర్ల పరుగుకు పైన పడేది నూరో నూటయాభయ్యో, మహా అయితే రెండు ఉడికించిన గుడ్లు. ఆ రెండు గుడ్ల ఖర్చుకు అమ్మ పెరుగన్నం, నాన్న బ్రెడ్డు, పక్కింటి అంకుల్ గోడ మీంచి విసిరే అరపాకెట్ బిస్కెట్లు! పరుగు మొదలెట్టినప్పుడు 22 కిలోలు ఉండేవాడు. రోజూ పరిగెత్తి రెండు కిలోలు పెరిగిన క్రీడాకారుణ్ణి మీరెక్కడైనా చూశారా?

సరే, తిండి సంగతి వదిలేద్దాం, నీళ్ళ దగ్గర మీరింకా ఘోరం. పరుగు నుంచి రాగానే మిమ్మల్ని నిండుగా వాడి ముందు పెడతారు, వాడు ఊపిరి తీసుకోకుండా గటగటా లాగించేస్తాడు, రెండు నిమిషాల్లో సగం సోఫా పక్కన కక్కుతాడు. కొంచెం పోసి, తాగాక ఆగి, మళ్ళీ కొంచెం పోయడానికి మీకేం నామోషీ? అడుగున రెండు గ్లాసుల నీళ్ళతో కనిపిస్తే గృహప్రవేశం పరువు పోతుందా? వాడికి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, పాదాల అడుగున కాస్త, అంతే. వేడంతా నాలుక బయటపెట్టి రొప్పితేనే పోవాలి, ఆ రొప్పులోనే నీళ్ళూ పోతాయి. పైగా వాడి మామూలు ఒంటి వేడే 101 నుంచి 102.5 ఫారన్‌హీట్, మనమైతే ఆ అంకెకు ఆఫీసుకు సెలవు పెట్టి దుప్పటి కప్పుకుంటాం. 106 దాటితే వాడికి ప్రాణగండం. ఈ ఏప్రిల్‌లో ఆరున్నర దాటాక బయల్దేరదామంటే నేనే ఒప్పుకోను. ఎంత తొందరగా బయల్దేరినా మధ్యలో ఒకచోట ఆగి నాలుగు గుక్కలు పట్టిస్తాను, పొట్ట కిందా పాదాలకీ నీళ్ళు కొడతాను.

చెమటలో ఉప్పు పోనివాడికి నాన్న గ్లూకోజు నీళ్ళు కలిపారు. వాడు వాసన చూసి మొహం తిప్పుకున్నాడు, ఇంట్లో బుద్ధిగా నడుచుకున్నది వాడొక్కడే. మా మేనల్లుడు తన షుగర్‌ఫ్రీ డ్రింకు పోయబోతే మాత్రం చేతిలోంచి లాక్కున్నాను. అలాంటివాటిల్లో చక్కెర బదులు వేసే జైలిటాల్ ఉంటే కుక్కకు విషమే.

అలాస్కావాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది వేరే ఉంది. నీళ్ళు ఊరికే తాగని కుక్కలకు వాళ్ళు మంచు కరగబెట్టి అందులో కాస్త మాంసం కలిపి పోస్తారు. ఆ వాసనకి తాగేస్తాయి. నేనూ చికెన్ ఉడికించిన నీళ్ళు ఓ గరిటెడు కలుపుదామని అమ్మకు చెప్పాను, ఉత్త నీళ్ళలో ఉడికించు, ఏమీ వెయ్యొద్దు అని. సాయంత్రానికి మీలో ఘుమఘుమలాడే చారు! ఉల్లిపాయ, అల్లంవెల్లుల్లి, గరం మసాలా. ఉల్లి, వెల్లుల్లి వాడి రక్తంలో ఎర్ర కణాల్ని చంపుతాయమ్మా అంటే, "చప్పిడిది ఎలా తాగుతాడ్రా" అంది. ఆ చారు నేను తాగాను. బాగుంది.

అందువల్ల రేపు పొద్దుటి నుంచి పరుగు పూర్తయ్యేదాకా తమరిని అటక మీద ఉంచడానికి నిర్ణయమైంది. పక్కన పాత కుక్కరు, అమ్మ బతుకమ్మ తాంబాళం తోడుంటాయి. ఎనిమిదింటికి దింపుతాను. దయచేసి అలగొద్దు.

ఇట్లు,
బెల్టుకు ఈ చివర ఉన్నవాడు

తా.క.: పొద్దున అయిదుంబావుకి వంటింట్లో టంగుమంది. అటక చూస్తే మీరు అక్కడే ఉన్నారు. గృహప్రవేశానికి మీరు మూతతో కలిసి వచ్చారన్న సంగతి నాకెవరూ చెప్పలేదు.